నల్ల కారుకి మంచినీళ్లు

మా అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులవారి నల్ల కారుకి తెల్ల మచ్చలు వచ్చినట్టు ఆదివారం ఉదయం అధికారికంగా ధ్రువపడింది. బోరు నీళ్లతో కడిగిన కారుని తుడవకుండా ఎండలో వదిలేశారు. నీళ్లు ఆవిరైపోయాయి, వాటిలోని సున్నం మాత్రం అద్దం మీదా, రంగు మీదా చుక్కలు చుక్కలుగా స్థిరపడింది. ఎండలో వదిలింది అధ్యక్షులవారే అయినా, తప్పు బోరుదేనని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పరామర్శకు అన్ని అంతస్తులవాళ్లూ దిగివచ్చారు. అంతకు నెల ముందు అధ్యక్షులవారి భార్యకు కిడ్నీలో రాయి బయటపడినప్పుడు ఇంతమంది రాలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. రాయి లోపల ఉంటుంది, కారు గేటు దగ్గరే ఉంటుంది.

రెండో అంతస్తు పళ్ల డాక్టరు టూత్‌పేస్టు రుద్దమన్నాడు. పళ్ల మీది గారే వదులుతుంటే ఇదెంత అని ఆయన ధీమా. రుద్దారు. మచ్చలు అలాగే ఉన్నాయి, వాటికి తోడు గీతలు వచ్చాయి. చివరికి రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు వెనిగర్‌లో నీళ్లు కలిపి, నీడలో మెల్లగా తుడిపించారు. మచ్చలు వదిలాయి. అధ్యక్షులవారి కళ్లు చెమర్చాయి.

"సంబరం తర్వాత. ఆఖరున సున్నం లేని నీళ్లతో కడగండి. లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు మాస్టారు.

సున్నం లేని నీళ్లు అధ్యక్షులవారి వంటింట్లో ఉన్నాయి. భార్యను దండిగా నీళ్లు తాగమని డాక్టరు చెబితే కొన్న ఫిల్టరు నీళ్లు అవి. చుక్క చుక్కగా బిందె నిండేసరికి పూట గడుస్తుంది. ఆ రోజునుంచీ ఆ బిందె గేటు దగ్గరికి ప్రయాణం కట్టింది.

"ఏవండీ, ఆ నీళ్లు తాగమన్నది నన్ను" అందావిడ.

"నువ్వు బోరు నీళ్లు కాచుకు తాగొచ్చు. కారుకి ఆ వీలు లేదు కదా, అర్థం చేసుకో" అన్నారాయన.

ఈ త్యాగం చూసి అపార్ట్‌మెంటు యావత్తూ కదిలిపోయింది. అందరి చందాలతో కింద పెద్ద ఫిల్టరు పెట్టించారు. ప్రారంభోత్సవంలో అధ్యక్షులవారు ప్రసంగిస్తూ, మన కారుని చూసే జనం మన కుటుంబాన్ని అంచనా వేస్తారనీ, కాబట్టి ఇది కుటుంబ సంక్షేమ పథకమేననీ వివరించారు. చప్పట్లు మోగాయి. కొళాయి పక్కన 'ఈ నీరు తాగరాదు, వాహనాలకు మాత్రమే' అని బోర్డు కట్టారు.

మొన్న ఉదయం ఆవిడ నడుం పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయింది. చెమటలు, వాంతులు. ఆస్పత్రికి తీసుకెళ్లమంది. అధ్యక్షులవారు అప్పుడే కారు కడగడం ముగించారు.

"ఒక్క నిమిషం ఓర్చుకో. తడి ఆరిందంటే మచ్చలు పడిపోతాయి" అంటూ మెత్తని గుడ్డ తీసి అద్దాలన్నీ తుడిచారు, తర్వాత తలుపులు తుడిచారు. బానెట్ దగ్గరికొచ్చేసరికి ఆవిడ గోడ పట్టుకుంటూ వీధిలోకి నడిచి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఆయన వెంటనే బయల్దేరేవారే. కానీ వీధి నిండా దుమ్ము.

ప్రస్తుతం కారు పరిస్థితి నిలకడగా ఉంది. ఈ సంగతి నేను ఎవరికి చెప్పినా ఆసక్తిగా విని, ఆ మెత్తని గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. బజారులో కారు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఆవిడ ఏ ఆస్పత్రిలో ఉందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి ఆ వివరం ఇక్కడ ఇవ్వడం లేదు.