కెమెరా వైపు గురి

వేగిలంక ఎయిర్ గన్ క్లబ్బు సభ్యులు ఇంతవరకు ఒక్కసారి కూడా టార్గెట్‌ను కొట్టలేదని భీమవరం చుట్టుపక్కల జరుగుతున్న ప్రచారం పచ్చి అబద్ధమని ఇందుమూలముగా తెలియజేయడమైనది. కొట్టామో లేదో ఎవరూ చూడలేదు. చూడని సంగతిని జరగలేదనడం అన్యాయం. అన్యాయమంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే రాస్తున్నాను.

క్లబ్బు పుట్టుక గురించి ముందు నాలుగు ముక్కలు. మా ఊళ్ళో వరి పోయి రొయ్య వచ్చింది. రొయ్యతో పాటు నీటికాకులు వచ్చాయి. నీటికాకుల్ని బెదరగొట్టడానికి చెరువుల ఆసాములు తలొక ఎయిర్ గన్ను కొన్నారు. ఆ పక్షులు మొదట బెదిరాయి. తర్వాత అలవాటు పడ్డాయి. చివరికి, కాపలావాడు గోడకి ఆనించిన తుపాకీ గొట్టం మీదే వాలి రెక్కలు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇలా దేశంలో ఉన్న ఆయుధాలన్నీ ఏ పనీ లేక మూలపడి ఉండగా, రొయ్యల మేత ధర కనుక్కోవడానికి భీమవరం వెళ్ళిన జగన్నాథరావు గారు నెట్ సెంటర్‌లో ఒక వింత చూశారు.

అదొక ఇంటర్నెట్ గ్రూపు. సరదాకి గురి కొట్టుకునేవాళ్ళంతా అందులో చేరతారు. లూధియానా నుంచి ఒకాయన తన తుపాకీ ఫొటో పెడతాడు. పుణె నుంచి ఇంకొకాయన బెజ్జాలు పడిన టార్గెట్ కాగితం పట్టుకుని ఫొటో పెడతాడు. కోయంబత్తూరు ఆయన తుపాకీతోనూ కుక్కతోనూ పెడతాడు. ఒకరినొకరు మెచ్చుకుంటారు. "మనకేం తక్కువ?" అన్నారు జగన్నాథరావు గారు. మా డెల్టాని తుఫానుల కంటే ఎక్కువ ముంచింది ఈ ప్రశ్నే. మర్నాటికల్లా ఆయన రొయ్యల చెరువు గట్టు మీద క్లబ్బు వెలిసింది. అధ్యక్షులు ఆయనే.

ఫొటోల బాధ్యత దుర్గాసాయికి ఇచ్చారు. ఈ తాలూకాలో ఎవరి పెళ్ళయినా అతని కెమెరా ఎదుటే అవ్వాలి. పెళ్ళికొడుకు తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి మెడ చూడకూడదు, కెమెరా చూడాలి. తలంబ్రాలు ఎదుటి మనిషి మీద పడ్డాయా, పురోహితుడి కళ్ళలో పడ్డాయా అన్నది తర్వాతి సంగతి. మొహం పడాలి. ఆ నియమాన్నే దుర్గాసాయి మా క్లబ్బులోనూ పెట్టాడు.

"సార్, అటు కాదండి, ఇటు! మొహం కనపడాలండి. కొంచెం నవ్వండి. ఆఁ, ఇప్పుడు పేల్చండి!"

అందరం ఇటే చూసి పేల్చేవాళ్ళం. టార్గెట్ అటుండేది. తర్వాత ఆ కాగితం తెచ్చి, నల్ల చుక్క మధ్యలో పెన్సిలుతో బెజ్జం పొడిచి, చేత్తో పట్టుకుని మళ్ళీ ఫొటో దిగేవాళ్ళం. దీన్ని మోసమనకండి. పొడవడానికి కూడా గురి కావాలి.

గ్రూపులో మా ఫొటోలకి వచ్చిన పేరు ఇంతా అంతా కాదు. చివరికి పుణె ఆయన అడిగాడు: "మీవాళ్ళంతా పక్కకి చూస్తూ కాలుస్తారు, అయినా సరిగ్గా మధ్యలో తగులుతుంది. ఎలా?" అది గోదావరి పద్ధతి అని జగన్నాథరావు గారు జవాబు రాయించారు. ఆ పద్ధతి తానూ ప్రయత్నించి చూశానని, ఇంట్లో టేబుల్ ఫ్యాన్ పోయిందని, సాధన కొనసాగిస్తున్నానని పుణె ఆయన వారం తర్వాత భక్తితో రాశాడు.

ఇక నా సంగతి. ఊళ్ళో నన్ను ధర్నా గారంటారు. పెద్ద చదువులు లేవు. బడి మానేశాక పాత పేపర్లు చదివి, మైకుల్లో విని, నా అంతట నేనే ఉద్యమకారుణ్ణి అయ్యాను. నా పోరాటం జగన్నాథరావు గారి తూము మీద. ఆయన రొయ్యల చెరువు కుళ్ళునీరు ఆ తూములోంచి మా మంచినీళ్ళ చెరువులోకి దిగుతుంది. ఆ నీళ్ళతో కాచిన టీకి ఉప్పు వేయక్కర్లేదు, నీచు వాసన ఉచితం. దాని మీద నేను చేసిన ధర్నాలకి లెక్కలేదు. అన్నిటికీ ఫొటోలున్నాయి. ఒకసారి పెద్ద ఆఫీసరు గారికి అర్జీ ఇచ్చాను. ఆయనా నేనూ ఇద్దరం కెమెరా వైపు చూసి నవ్వుతున్నాం. అర్జీ ఇద్దరి చేతుల మధ్యన ఉంది. ఫొటోలో ఇప్పటికీ అక్కడే ఉంది. బయట ఎక్కడుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

క్లబ్బు ప్రారంభోత్సవాన్ని భగ్నం చేద్దామని నల్లజెండా పట్టుకుని వెళ్ళింది కూడా నేనే. "ధర్నా గారూ, రెండో చేత్తో ఈ తుపాకీ పట్టుకోండి, బాగుంటుంది" అన్నాడు దుర్గాసాయి. పట్టుకున్నాను. బాగుంది. శత్రువు కోటలోపలికి దూరి పోరాడాలన్న వ్యూహంతో, అక్కడికక్కడే సభ్యత్వం తీసుకున్నాను.

ఆ ఏడాది వేసవి దగ్గరపడింది. కాలువలు కట్టేస్తే మళ్ళీ వదిలేదాకా ఊరంతటికీ ఆ ఒక్క మంచినీళ్ళ చెరువే దిక్కు. ఈలోగా తూము మూయకపోతే రెండు నెలలూ రొయ్యల చారు తాగాల్సిందే. నేను క్లబ్బు వార్షికోత్సవంలో మైకు లాక్కుని ఆ మాటే అరిచాను. జగన్నాథరావు గారు నిదానంగా మైకు వెనక్కి తీసుకున్నారు.

"సోదరులారా! ధర్నా గారు మన క్లబ్బు సభ్యులు. సభ్యుడి కోరిక తీర్చడం అధ్యక్షుడి ధర్మం. వచ్చే ఆదివారం ఊరందరి ఎదుటా ఆయన ఒక్క గుండు పేల్చాలి. నల్ల చుక్కకి తగిలితే తూము అప్పటికప్పుడు నేనే మూయిస్తాను. మేస్త్రిని, సిమెంటుని దగ్గర పెట్టుకుని కూర్చుంటాను. మాటంటే మాటే!"

ఊరు ఊగిపోయింది. నేను ఇంటికొచ్చి పెరట్లో సాధన మొదలుపెట్టాను. మా ఆవిడ మాణిక్యాంబ కాసేపు చూసి, చేట పక్కన పెట్టింది.

"గోడ అటుంటే ఇటు చూసి నవ్వుతారేంటండీ?"

"ఫొటోకి అలవాటవ్వాలి కదే."

"మన పెళ్ళిలోనూ ఇదే వరస. ఆ ఫొటోవాడికేసి ఇకిలిస్తా మూడో ముడి నా జడకుప్పెలకి వేశారు. మా పెద్దమ్మ చూడబట్టి సరిపోయింది. నీళ్ళ కోసమండీ బాబూ! ఈ ఒక్కసారికీ ఎదురుగా చూడండి."

"ఇది ప్రజల సమస్య. నీకు తెలీదు."

"మోసుకొచ్చేది నేను, తెలిసేది మీకానండీ?" అని చేట తీసుకుంది. ఆడవాళ్ళకి ఉద్యమాల లోతు తెలియదని నేను గతంలో ఒక సభలో చెప్పి ఉన్నాను.

ఆదివారం వచ్చింది. ఊరు ఊరంతా గట్టు మీదుంది. జగన్నాథరావు గారు అన్న మాట ప్రకారం సిమెంటు బస్తాలు దింపించారు. మేస్త్రి తాపీ పట్టుకుని తూము పక్కన కూర్చున్నాడు. కాలువ దగ్గర్నించి నీళ్ళు మోసుకెళ్తున్న లోవమ్మ కూడా ఆగి, ఫొటోలో పడదామని ప్లాస్టిక్ బిందెని దుర్గాసాయికి నాలుగడుగుల ముందు దింపి నిలబడింది.

నేను తుపాకీ భుజానికి ఎత్తాను. మీరు నమ్మాలి, ఆ క్షణంలో నేను నల్ల చుక్కనే చూశాను. స్పష్టంగా కనిపించింది. మాణిక్యాంబ గుర్తొచ్చింది, నీచు వాసన గుర్తొచ్చింది. ఊపిరి బిగబట్టాను. వేలు మీట మీద పడింది.

"ధర్నా గారూ, ఇటు!" అన్నాడు దుర్గాసాయి.

మెడ దానంతటదే తిరిగింది. మెడతో భుజం, భుజంతో గొట్టం. నవ్వాను. పేల్చాను.

తగిలిందా లేదా? జగన్నాథరావు గారు న్యాయమైన మనిషి. చూసినవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఊరంతా కెమెరానే చూస్తోంది. నిర్ణేతగా కూర్చోబెట్టిన హెడ్మాస్టరు చంద్రరావు గారు కూడా కండువా సర్దుకుని అటే చూశారు. ఫొటో చూద్దామంటే అందులో టార్గెట్ పడలేదు. మొహాలు పెద్దగా రావాలని దుర్గాసాయి దాన్ని వదిలేశాడు.

ఆఖరికి కాగితం తెప్పించారు. నల్ల చుక్క నడిమధ్యలో బెజ్జం! అది కిందటి వారం ఫొటో కోసం పొడిచిన పాత కాగితం. ఆ సంగతి నాకు తెలుసు, పొడిచింది నేనే. జగన్నాథరావు గారు కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. పొడిచిన బెజ్జమని బయటపెడితే గ్రూపులో ఆయన ఫొటోలన్నిటి పరువూ పోతుంది. దీర్ఘంగా నిట్టూర్చి, "మూసెయ్యి" అన్నారు మేస్త్రితో. ఊరు హోరెత్తింది. నన్ను భుజాల మీదికెత్తారు. సిమెంటులో నీళ్ళు పోసి కలిపారు. తాపీ లేచింది.

సరిగ్గా అప్పుడు లోవమ్మ బిందె ఎత్తుకుంది.

"ఓలమ్మో! బిందె ఖాళీ అయిపోయిందేంటి? ఎవడ్రా బెజ్జం ఎట్టింది?"

నేను భుజాల మీదనుంచే కళ్ళతో సైగ చేశాను.

"ఏంటి బాబూ, కళ్ళెగరేత్తావ్? ఇదిగో, నీ గుండు! లోపల గలగలమంటంది సూడు!" అని బిందె అందరికీ ఆడించి వినిపించింది. "ఊరికి నీళ్ళు తెత్తావనుకుంటే, ఉన్న బిందెకి చిల్లెట్టావా?"

నన్ను భుజాల మీదనుంచి దింపారు. మర్యాదగానే దింపారు, గోదావరి జిల్లా కదా. జగన్నాథరావు గారు మైకు అందుకున్నారు.

"తగిలితే మూయిస్తానన్నాను. తగల్లేదు. కాబట్టి మూయించను. నేను మాట తప్పే మనిషిని కాను!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత నికార్సయిన మాటమనిషిని చూసి ఎన్నాళ్ళయిందని నాకూ కళ్ళు చెమర్చాయి. కలిపిన సిమెంటు గట్టిపడితే పాపమని, దాంతో తూము పక్కనే ఒక దిమ్మ కట్టారు. దాని మీద ఆ రోజు జరిగిన పోటీకి గుర్తుగా శిలాఫలకం వేశారు. నా పేరు రెండో వరసలో ఉంది. కుళ్ళునీరు దాని కాళ్ళు కడుగుతూ మంచినీళ్ళ చెరువులోకి దిగుతోంది.

ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. "ఎంత ఏకాగ్రత!" అని లూధియానా ఆయన రాశాడు. లోవమ్మ కొత్త బిందె అడిగితే, క్లబ్బు ఆమెకి ఫొటో కాపీ ఒకటి పటం కట్టించి ఇచ్చింది. కావాలన్నవాళ్ళందరికీ ఇచ్చారు. ఇప్పుడది మా ఊళ్ళో ఇంటింటా గోడ మీద ఉంది, కింద నీచునీళ్ళ కుండ, పైన మేము.

అందులో కింద మూల, లోవమ్మ బిందెలోంచి సన్నటి నీటిధార చిమ్ముతూ చక్కగా పడింది. ఇన్నేళ్ళలో దాన్ని చూసింది మాణిక్యాంబ ఒక్కతే. తక్కినవాళ్ళంతా ఫొటో చేతికి రాగానే వేలు పెట్టి వెతుక్కునేది ఒక్కటే, తామెక్కడ పడ్డామా అని. ఎప్పుడైనా మా ఊరు రండి, మీకూ చూపిస్తాను. వెనక వరసల్లో బయటూరి జనం కూడా చాలామంది ఉన్నారు, మీరూ ఉండొచ్చు. నవ్వుతూనే ఉండుంటారు.