పదిహేను నిమిషాల తాజా గాలి

తాజా గాలి వల్ల చచ్చినవాడు లేడని నెక్కర్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో అందరి నమ్మకం. నమ్మకాలను ససేమిరా ఒప్పుకోని మెర్క్లే గారు కూడా దీన్ని నమ్మేవారు. అయితే ఆయన దాన్ని నమ్మకం అనేవారు కాదు, విజ్ఞానం అనేవారు.

ముప్ఫై ఆరేళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన గుండోల్ఫ్ మెర్క్లే గారు నాలుగేళ్ల క్రితం ఒక పరికరం కొని, తాము ఉండే మూడంతస్తుల భవనం మెట్ల దగ్గర బొగ్గుపులుసు వాయువును కొలిచారు. కొలిచి, ఇళ్లవాళ్ల సమావేశంలో నియమం చేయించారు. అక్కడ మెట్లు ఊడ్చే వంతు వారానికొక ఇంటిది; ఆ వారం ఎవరి వంతైతే వారి తలుపుకు చెక్కపలక వేలాడుతుంది. ఆ ఇంటివారు మెట్లు తుడవడంతో పాటు ఉదయం ఏడింటికి మెట్ల కిటికీ బార్లా తెరిచి పదిహేను నిమిషాలు ఉంచాలి. చలి ఎంతైనా సరే. నియమాన్ని టైపు చేయించి, ప్లాస్టిక్ తొడిగించి, నాలుగు మరలతో గోడకు బిగించారు.

పై అంతస్తు క్నౌస్ గారు ఒక చలికాలం ఉబ్బసం వల్ల కిటికీ తెరవకపోతే మెర్క్లే గారు ఆయనకు ఉత్తరం రాశారు: “ఊపిరితిత్తులు వ్యక్తిగత విషయం, గాలి సమష్టి విషయం.” క్నౌస్ దాన్ని దాచుకున్నాడు.

ఆ మార్చి మొదటి వారంలో మెర్క్లే గారికి ఉన్న చిక్కు ఒక మొక్క. బ్రుగ్మాన్సియా. అక్కడివాళ్లు దేవదూత బాకా అంటారు. మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం, కాకపోతే మనిషెత్తు పెరిగి మూరెడు పూలను తలకిందులుగా వేలాడదీస్తుంది. ఆయన భార్య రోస్‌వీటా దాన్ని తన తల్లి పెంచిన చెట్టు కొమ్మ నుంచి పదిహేనేళ్లుగా సాకుతోంది. ఆ తల్లీ లేదు, ఆ చెట్టూ లేదు. చలికాలమంతా అది రెండో అంతస్తు మెట్ల మలుపులో, కిటికీ పక్కన ఉంటుంది. వెలుతురు ఉండాలి, వేడి ఉండకూడదు, ఐదు డిగ్రీలకు తగ్గకూడదు. మోకాలి ఆపరేషన్ తర్వాత మూడు వారాల చికిత్సకు వెళ్తూ రోస్‌వీటా ఒకే ఒక్క మాట చెప్పింది.

“గుండోల్ఫ్, ఇల్లు కాలిపోయినా ఏమీ అనను. మొక్క మాత్రం బతికుండాలి.”

శనివారం ఆమె తిరిగి వస్తుంది. శుక్రవారం ఉదయం మైనస్ తొమ్మిది అని గురువారం రేడియో చెప్పింది. ఆ వారం పలక వేలాడుతున్నది ఎదురింటి ఫిట్సరమ్మ తలుపుకు. ఎనభై రెండేళ్ల ఫిట్సరమ్మ గడియారం తప్పినా తను తప్పదు.

ఒక్క రోజుకు కిటికీ తెరవవద్దని ఆమెను అడిగితే సరిపోయేది. కానీ అడిగితే తన నియమానికి తానే మినహాయింపు కోరినట్టవుతుంది. ఆ మాట క్నౌస్ చెవిన పడుతుంది. మొక్కను లోపలికి జరుపుదామంటే కుండీ అరవై కిలోలు. కాబట్టి మెర్క్లే గారు శాస్త్రాన్ని ఆశ్రయించారు. గురువారం సాయంత్రం రోస్‌వీటా దూది కోటు తెచ్చి, రెండుగా చీలిన కొమ్మలను రెండు చేతుల్లోకి దూర్చి, బొత్తాలు పెట్టారు. కొన చిగుళ్లకు ఆమె ఉన్ని టోపీ. మెడకు, అంటే చీలిక దగ్గర, ఆమె మఫ్లరు. కుండీకి గళ్ల దుప్పటి. నాలుగు పొరలు. ఉష్ణనష్టం లెక్క కట్టి, తృప్తిగా నిద్రపోయారు.

శుక్రవారం ఏడు కావస్తుండగా ఆయన రొట్టెల దుకాణానికి వెళ్లారు. ఏడింటికి ఫిట్సరమ్మ కిటికీ తెరవడానికి వచ్చింది. మెట్ల దీపం మీట నొక్కితే నిమిషంసేపే వెలుగుతుంది. ఫిట్సరమ్మ కళ్లకు శుక్లాలు, ఆపరేషన్ ఏప్రిల్‌లో.

“రోస్‌వీటా! ఎప్పుడొచ్చావమ్మా? ఇక్కడ కూర్చున్నావేం?”

టోపీ పెట్టిన తల వాలిపోయి ఉంది.

“ఏమ్మా, లోపలికి రానివ్వలేదా ఆ మనిషి?”

దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో ఫిట్సరమ్మకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఈ మూల ఉండాల్సిన మొక్క లేదు. అంటే మొక్కను వెచ్చగా లోపల పెట్టుకుని, పెళ్లాన్ని మెట్ల మీద పెట్టాడు! నాలుగేళ్లలో మొదటిసారిగా ఆమె కిటికీ తెరవలేదు. తన ఇంట్లోంచి వేడినీళ్ల సంచి తెచ్చి ఆ కోటులోకి దోపింది, కాళ్ల దగ్గర పప్పుచారు ఫ్లాస్కు పెట్టింది, పైకెక్కి క్నౌస్ తలుపు కొట్టి సంగతి చెప్పింది. క్నౌస్ ఆశ్చర్యపోలేదు.

“ఆ ఉమ్మెత్త గాలి పీల్చి పీల్చి మతి చెడిందండీ ఆయనకు. నా ఊపిరితిత్తులయ్యాక ఇప్పుడు పెళ్లాం మోకాళ్లా!” అని, రోస్‌వీటా చెల్లెలు హిల్ట్రుడ్‌కు ఫోన్ చేశాడు.

ఏడూ ఇరవైకి మెర్క్లే గారు తిరిగొచ్చారు. చలిలోంచి రావడంతో కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. ముక్కు ఆనించి చూస్తే గోడ మీది ఉష్ణమాపకం ఒక్కటే కనిపించింది. ఏడు డిగ్రీలు! ఆయన మొక్కకు కావలసింది సరిగ్గా అదే. అయినా ఆయన మనసులో మొదట మెదిలింది మొక్క కాదు.

“ఫిట్సరమ్మ గారూ! కిటికీ తెరవలేదేం?”

“తెరవలేదు. తెరవను,” అంది ఫిట్సరమ్మ పై మెట్టు మీంచి. “ఆ మూల ఒక ప్రాణి ఉందన్న జ్ఞానమైనా ఉందా మీకు?”

మొక్క మీద ఆమెకున్న ప్రేమకు మెర్క్లే గారు కరిగారు. “మీ ఆదుర్దా అర్థమైంది. కానీ లెక్క కట్టాను. పదిహేను నిమిషాలకు ఏమీ కాదు.”

“లోపలికి తీసుకెళ్లలేరా?”

“వెచ్చని గదిలో పెడితే ఇక పట్టలేమండీ. చలిలో ఉంచితేనే అదుపులో ఉండేది.”

ఫిట్సరమ్మ ఒక మెట్టు దిగింది. “ఎన్నాళ్లుగా ఇలా ఉంచుతున్నారు?”

“పదిహేనేళ్లు. ప్రతి చలికాలం. నీళ్లు కూడా వారానికొక్కసారే,” అంటూ మెర్క్లే గారు కిటికీ బార్లా తెరిచి, చేతి గడియారం చూసుకున్నారు.

తూర్పుగాలి సర్రున లోపలికొచ్చింది. క్నౌస్ ఎగశ్వాసతో దిగొచ్చాడు. “మా కళ్లముందే చంపుతావుటయ్యా?” అని కిటికీ రెక్క లాగాడు. “ఇంకా పద్నాలుగు నిమిషాలు!” అని మెర్క్లే గారు అటు లాగారు. అరవై ఏళ్లనాటి మడతబందులు ఈ వాదంలో ఏ పక్షమూ తీసుకోలేదు. రెక్క ఊడి, పెరట్లో పడి, ముక్కలైంది.

ఆ కన్నంలోంచి వస్తున్న గాలికి మెర్క్లే గారి లెక్కలో చోటు లేదు. “మొక్క!” అని అరిచారు. “చూశారా, ఇప్పుడు కూడా మొక్కే!” అంది ఫిట్సరమ్మ. ఆమె ఈకల దుప్పటి తెచ్చి కిటికీకి అడ్డం పెడితే గాలి దాన్ని రెక్క వెంటే పెరట్లోకి పంపింది. క్నౌస్ తాత్సారం చేయలేదు. “లే తల్లీ, మా ఇంటికి పద,” అని రోస్‌వీటా చెయ్యి పట్టి గట్టిగా లాగాడు.

ఫట్‌మని చెయ్యి ఊడి వచ్చింది.

ఫిట్సరమ్మ కెవ్వుమంది. వేడినీళ్ల సంచి మూత ఎగిరి, రెండు లీటర్ల నీళ్లు కోటును, కాండాన్ని, కుండీని తడిపాయి. క్నౌస్ తన చేతిలోని కోటు చేతిలోకి తొంగి చూశాడు. లోపల ఆకుపచ్చ చిగుళ్లున్న కొమ్మ.

“ఇది మొక్క,” అన్నాడు.

“మరేమనుకున్నారు?” అన్నారు మెర్క్లే గారు.

ఇద్దరూ చెప్పారు. మెర్క్లే గారు మెట్టు మీద కూర్చుండిపోయారు. తర్వాత ముగ్గురూ కుండీని ఎత్తబోయారు. మూడు నడుముల వయసు కలిపితే రెండు వందల ముప్ఫై, కుండీ కదలలేదు. వడ్రంగి రెండింటికి గాని రానన్నాడు. తడిసిన కోటు అప్పటికే అట్టలా బిగుసుకుంది. చేతులు ఊరుకోక ఫిట్సరమ్మ విరిగిన కొమ్మను తీసుకెళ్లి తన వంటింట్లో నీళ్ల గ్లాసులో పెట్టింది.

పదకొండింటికి కింద టాక్సీ ఆగింది. చేతికర్రల చప్పుడు ఒక్కో మెట్టే ఎక్కింది. రోస్‌వీటా మలుపులో నిలబడి, ఒంటిచేతి కోటును, టోపీని, కిటికీ ఉండాల్సిన చోట ఆకాశాన్ని చూసింది.

“నేను మెట్ల మీద చలికి చచ్చిపోతున్నానని హిల్ట్రుడ్ ఫోన్ చేసింది,” అంది. “చూసి పోదామని వచ్చాను.”

మెర్క్లే గారు నోరు తెరిచారు. ఉష్ణనష్టం సూత్రం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

“లెక్క సరిగ్గానే...”

“గుండోల్ఫ్, మొక్క బతికుందా?”

ఆయన కోటు బొత్తాలు విప్పారు. కాండం వేలికి ఉడికిన కాడలా మెత్తగా తగిలింది. ఫిట్సరమ్మ రోస్‌వీటాను చెయ్యి పట్టుకుని తన వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు వేసింది. నవంబరు నుంచి తన వంటింటి కిటికీ తెరవలేదన్న సంగతి అక్కడే, పప్పుచారు పోస్తూ, రోస్‌వీటా దగ్గర ఒప్పుకుంది.

ఇళ్లవాళ్ల ఏప్రిల్ సమావేశంలో నియమం ప్రకారం ఏటా గాలి నివేదిక చదవవలసింది మెర్క్లే గారే. ఆయన లేచి, కళ్లద్దాలు తుడుచుకుని, నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివారు:

“మెట్ల మలుపు, తాజా గాలి, ఆరున్నర గంటలు: పెద్ద మొక్క చనిపోయింది. ఫిట్సర్ వంటగది, తాజా గాలి లేదు, ముప్ఫై రోజులు: ఒక కొమ్మ, పదకొండు వేర్లు.”