కొళాయి కింద రాసిన వాక్యం

"ఈ రోజు నుంచి దృశ్యాక్షర విప్లవం మొదలైంది!" అని జిల్లా అక్షరాస్యతా ప్రత్యేకాధికారి చంద్రమౌళి గారు చిట్టమూరులో ప్రకటించారు. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఒక ట్యాబ్ ఇస్తారు. పిల్లలు తమ చుట్టూ కనిపించేదాన్ని అర నిమిషం వీడియో తీసి, కింద సొంతంగా ఒకటి రెండు వాక్యాలు రాయాలి. అలా రాస్తూ ఉంటే చదువు దానంతటదే వస్తుంది. ఆలోచన ఎవరిదో తెలియదు గానీ, పోస్టర్లో ఫొటో ఆయనదే.

నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ని. అప్పుడు మూఢం నడుస్తోంది కాబట్టి, బళ్ల వీడియోలు ఎడిట్ చేసే దేశసేవ నాకు దక్కింది.

మా ఊరి బడిలో ఉషారాణి టీచర్ ఈ పథకాన్ని నిజంగానే అమలు చేసింది. జిల్లాలో ఇంకెవరూ ఆ పొరపాటు చేయలేదు. మిగతా బళ్లలో టీచర్లే తీసి, టీచర్లే రాసి పంపారు. ఉషారాణి మాత్రం ట్యాబ్ పిల్లల చేతికిచ్చి పక్కన కూర్చుంది. వాళ్లు గేదెను తీశారు, ఆరేసిన వలల్ని తీశారు, నాయనమ్మ పొయ్యి ఊదుతుంటే తీశారు. ఒక్కో అక్షరం వెతుక్కుని కింద రాశారు.

మూడో తరగతి జబీనాకు జూన్‌లో తన పేరు రాయడం కూడా రాదు. సెప్టెంబరులో ఆ పిల్ల బడి కొళాయిని వీడియో తీసి ఇలా రాసింది: "మా బడి కొళాయిలో నీళ్లు రావు. మేము బిందెలతో మోసుకొస్తాము."

ఒక్క తప్పు లేదు.

చంద్రమౌళి గారు నా షాపులో అది చూసి కళ్లు తుడుచుకున్నారు.

"అద్భుతం! మంత్రిగారి సభలో ఇదే వేద్దాం. చిన్న కరెక్షన్. 'రావు' తీసేసి 'వస్తాయి' అని పెట్టు."

"రెండో వాక్యం సార్?"

"నీళ్లొస్తుంటే మోసుకురావడం ఎందుకయ్యా? లాజిక్ ఉండొద్దూ? తీసెయ్."

"కొళాయి ఎండిపోయి కనపడతా ఉంది సార్."

"అయితే నీళ్లు వెయ్."

ఒక పెళ్లి వీడియోలోంచి వరుడి కాళ్లు కడిగిన నీళ్లు తెచ్చి కొళాయి కింద అతికించాను. చాలా సహజంగా వచ్చాయి.

సంగతి తెలిసి ఉషారాణి టీచర్ షాపుకొచ్చింది.

"ఆ బిడ్డ రాసింది మార్చినావంట గదన్నా?"

"సార్ మార్చమన్నాడు టీచరమ్మా."

"అట్టయితే దాని పేరన్నా తీసెయ్. చూస్తే ఏమనుకుంటాదో."

ఆ మాటే చంద్రమౌళి గారికి ఫోన్లో చెప్పాను. లబ్ధిదారు పేరు లేకపోతే పథకం జరిగినట్టు రుజువేమిటని ఆయన అడిగారు. పేరు ఉంచేశాను.

సభ రోజు పెద్ద తెర మీద కొళాయి ధారగా పారింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు జబీనాను వేదిక మీదికి పిలిపించి మైకు ఆ పిల్ల నోటి దగ్గర పెట్టారు.

"నువ్వు రాసిందేనా పాపా? ఏదీ, చదువు."

జబీనా తెర వంక చూసి గట్టిగా, తడబడకుండా చదివింది. "మా బడి కొళాయిలో నీళ్లు వస్తాయి."

మళ్లీ చప్పట్లు. జబీనా మైకు వదల్లేదు.

"నేనిట్ట రాయలేదు సార్. 'రావు' అని రాసినా. ఎవురో తప్పు రాసినారు."

ఉషారాణి టీచర్ కుర్చీలోంచి సగం లేచి ఆగింది. మంత్రిగారు చంద్రమౌళి గారి వైపు తిరిగారు.

చంద్రమౌళి గారు ఒక్క అంగలో వచ్చి మైకు అందుకున్నారు.

"చూశారా సార్! ఇంత పెద్ద తెర మీద ఒక్క మాట తేడా వస్తే మూడో తరగతి పిల్ల పట్టేసింది! విప్లవమంటే ఇదీ!"

ఈసారి చప్పట్లు ఆగలేదు. మంత్రిగారు ఆయనకు శాలువా కప్పారు. జబీనాకు పెన్సిల్ బాక్స్ ఇచ్చారు.

వేదిక దిగి జబీనా నా దగ్గరికొచ్చింది. "సార్‌కి చెప్పినా గదన్నా. ఇంక నీళ్లు వదుల్తారా?"

నేను వైర్లు చుట్టుకోవడంలో చాలా బిజీగా ఉన్నాను.

ఆ వారమే బళ్లన్నిటికీ ఉత్తర్వు వచ్చింది. అక్షరాస్యతా లక్ష్యం గడువుకు ముందే పూర్తయినందున, ఇకపై వీడియోల కింద వాక్యాలు ఇంగ్లీషులో మాత్రమే ఉండాలి. ఆ వాక్యాలను కార్యాలయమే రాసి పంపుతుంది. పిల్లలు సంతకం పెడితే చాలు.