లామింగ్టన్ తిన్న ప్రతినిధి

తిండి మానుకుని చిక్కిపోయే జబ్బు విషయంలో యువత గోడు వినాలని టాస్మేనియా ఉత్తర ప్రాంత ఆరోగ్య సలహా సంఘం ఎట్టకేలకు తీర్మానించింది. వినడం శ్రమతో కూడిన పని కనుక, వచ్చేవారు తలా ఒక పిండివంట తేవలసిందిగా ఆహ్వానంలో సవినయంగా కోరింది.

పంతొమ్మిదేళ్ల టామ్సిన్ ఆ జబ్బుతో నానా అగచాట్లూ పడి బయటపడ్డ పిల్ల. ఇప్పుడు చెల్లెలు ఎల్సీకి అదే పట్టుకుంది. ఆసుపత్రివారు ఎల్సీని తూచి, ఇంకా చాలినంత చిక్కలేదనీ, మరికాస్త క్షీణించాక వస్తే తప్పకుండా మంచం ఇస్తామనీ ఎంతో మర్యాదగా సాగనంపారు. ఆ నిబంధన మార్పించాలనే టామ్సిన్ యువత ప్రతినిధిగా సభకు వచ్చింది.

అధ్యక్షులు పాస్కో గారు జామూ మీగడా దట్టించిన స్కోన్ రొట్టెను అందుకుని, "అయ్యో, ఇవాళ పాపం చేస్తున్నా! రేప్పొద్దున్నే పరిగెత్తి కరిగించేస్తాలెండి" అన్నారు. కార్యదర్శి మెరీడిత్ గారు పొట్ట తడుముకుని, తాను సోమవారం నుంచి కడుపు మాడ్చుకుంటున్నానని ప్రకటించారు. సభ్యులు ఆమె నిగ్రహానికి చప్పట్లు కొట్టారు. ఈ జబ్బు మీద ఇంత అవగాహన గల సంఘం మరెక్కడా దొరకదు.

టామ్సిన్ చేతిలో కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకు పెట్టి, అందరూ ఆమె నోటికేసి చూస్తూ కూర్చున్నారు. ఆమె ఒక ముక్క కొరికింది.

"భేష్ తల్లీ! చూశారా, శుభ్రంగా తింటోంది. మన ఏర్పాట్లు బ్రహ్మాండంగా ఉన్నట్టేగా!" అన్నారు పాస్కో గారు.

టామ్సిన్ ఒళ్లు మండి మిగిలింది పళ్లెంలో పెట్టేసింది.

"అరెరే, ఇంకా నయం కాలేదు పాపం. ఈ స్థితిలో మాట్లాడించడం భావ్యమా?" అన్నారు మెరీడిత్ గారు.

"తింటే రోగమే లేదంటారు, తినకపోతే నోరెత్తొద్దంటారు! మరి నేనెప్పుడు మాట్లాడాలండీ? మా చెల్లి స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోతోంది. దానికి మంచం ఇస్తారా, ఇవ్వరా?" ఏడుపు తన్నుకొస్తున్నా టామ్సిన్ గొంతు తగ్గించలేదు.

"ఆవేశపడకమ్మా. వచ్చే మీటింగుకి చెల్లెల్ని కూడా పట్టుకురా. ఓసారి చూస్తే మాకే తెలిసిపోతుంది" అన్నారు పాస్కో గారు.

యువత ధైర్యాన్ని కొనియాడుతూ సభ ఏకగ్రీవంగా తీర్మానించి ముగిసింది.

వాకిట్లో స్థానిక పత్రిక విలేఖరి టామ్సిన్‌ని ఆపాడు. "భలే మాట్లాడావు. ఎముకలు తేలినప్పటి ఫొటో ఒకటుంటే ఇవ్వు. అది లేకపోతే ఎవడూ చదవడు."

ఆమె ఇవ్వలేదు. వార్తా పడలేదు. ఎల్సీ ఇంట్లోనే ఉంది, చిక్కుతోంది.

ఈ కథ చదువుతున్న పాఠకులు ఆ విలేఖరిలాంటివారు కారు. వారు ఫొటో అడగలేదు. ఇంతకీ ఆ పిల్ల బరువెంతో చెప్పలేదేమిటని మాత్రం ఇందాకట్నుంచీ చూస్తున్నారు.