దారంతో సక్కజేసిన కారు

ఆ రోజు భూపాలపల్లిలో షారోన్‌కు డ్రైవింగ్ పరీక్ష. లైసెన్సు చేతికొస్తే మహదేవపూర్ అవతలి పల్లెల్లో నర్సు డ్యూటీకి బస్సు కోసం పడిగాపులు కాసే బాధ తప్పుతుంది. అందుకే జీతంలో కూడబెట్టి ఒక పాత కారు కొనుక్కుంది. అదేమో నడుస్తూ నడుస్తూ ఎడమకు లాగుతోంది.

"వరంగల్ల మిషన్ మీద చక్రాలు సక్కజేయిద్దామని ఎప్పటిసంది చెప్తున్న," అంది భర్త మహేందర్‌తో.

"మిషనెందుకు? దారం సాలు. వీడియోల చూసిన." రేగొండలో ఎరువుల దుకాణం నడిపే మహేందర్ మొదలుపెట్టని పని లేదు, పూర్తిచేసిన పనీ లేదు.

కారు ముందు భాగాన్ని జాకీల మీద లేపి, వెనక టైర్ల నుంచి ముందు టైర్ల దాకా దారం కట్టాడు. స్టీరింగు కదలకుండా పట్టుకొమ్మని తల్లి వీరమ్మను సీట్లో కూచోబెట్టి, తను కిందికి దూరి, ముందు టైర్లు దారానికి సమంగా వచ్చేట్టు రాడ్లు తిప్పసాగాడు. అంతలో పక్కింటి ఓదెమ్మ ఎడమ కిటికీలోంచి పలకరించింది. వీరమ్మ స్టీరింగుతో సహా అటు తిరిగింది.

"అవ్వా, పట్టుకున్నవా?"

"పట్టుకున్న బిడ్డా, ఇడువలే."

మహేందర్ నట్లు బిగించి బయటికొచ్చాడు. "ఇగ చెయ్యి ఇడిసినా సక్కగ పోతది."

భూపాలపల్లి దాకా స్టీరింగును ఎడమకు తిప్పి పట్టుకునే నడిపాడు. ఇదేందని షారోన్ అడిగితే, "కొత్తగ చేసినం కద, జర కుదురుకోవాలె," అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఇంకో గంట గొడవ.

పరీక్ష మైదానంలో, ఎడమకు లాగే కారుతో నేర్చుకున్న అలవాటు కొద్దీ ఆమె చేతులు స్టీరింగును కుడికి పట్టాయి. కారూ కుడికే సిద్ధంగా ఉంది. తేరుకునేలోగా కారు తగిలి, పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టర్ మోటారుసైకిల్ నేల మీద పడింది.

"ఆడోళ్లతోని కాదని ముందే చెప్పిన సార్," అన్నాడు మహేందర్, అక్కడున్న వాళ్ళందరికీ వినబడేట్టు. షారోన్ తల వంచుకునే కారు దిగింది. కళ్ళు మాత్రం మండాయి.

ఇన్‌స్పెక్టర్ తనే కారెక్కి వెనక్కి తీశాడు. దిగి, చక్రాల వంక చూసి అడిగాడు, "గీ అలైన్‌మెంట్ ఎవరు చేసిన్రు?"

మహేందర్ ఛాతీ విప్పారింది. "నేనే సార్. ఇంట్లనే, దారంతోని."

"నీ లైసెన్స్ తియ్యి."

తీశాడు. దాని గడువు నిరుడే తీరిపోయింది. కారు అక్కడే ఉండిపోయింది.

"నీ తప్పేం లేదమ్మా. వేరే బండి తీస్కొని మల్ల రా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట మాత్రం ఆయన మెల్లగా అన్నాడు.

ఇద్దరూ బస్సులో తిరిగొచ్చారు, వేర్వేరు సీట్లలో. సాయంత్రానికల్లా రేగొండలో అందరికీ తెలిసిపోయింది, షారోన్‌కు డ్రైవింగ్ రాదని.