మంత్రులు నిలబడే బాల్కనీ

"ఇది ఇల్లు కాదు, చరిత్ర!" అని మంత్రిగారు ఆ ఇంటి బాల్కనీలోంచే ప్రకటించారు. ఆయన కాళ్ల కింద రెయిలింగుకు 'ఇల్లు అమ్మబడును' అన్న బోర్డు వేలాడుతోంది. వీధిలో గోదావరి వరద పారుతోంది.

భద్రాచలం దారిలో ఉన్న ఆ పట్నంలో, వేపచెట్ల వీధిలో, ఇరుగుపొరుగు ఇళ్లకు ఆనుకుని నిలబడ్డ నిజాం కాలపు మేడ అది. ఆ రోజే భర్తతో కలిసి దాన్ని కొనడానికి చూడవచ్చిన కళ్యాణికి కొత్తగా పెళ్లయింది. మెట్ల కింద చిన్న గూడు కనిపించినా ముచ్చటపడే రోజులు.

"జగదీష్, గీ గూట్ల మన చెప్పులు పక్కపక్కనే పడతయి!"

మేడ కొనడానికి జగదీష్‌కు ఆ ఒక్క కారణం చాలు.

ఇల్లు చూపిస్తున్న వార్డు నాయకుడు ఉదయ్ భాస్కర్ అసలు ఘనత చెప్పాడు. "చెల్లె, ఏ మంత్రి వరద చూడొచ్చినా ఈడ్నే నిలబడతడు. నది, మునిగిన ఇండ్లు, మంత్రి ఒక్క ఫొటోల వస్తరు. గిసొంటి యాంగిల్ జిల్లాలనే లేదు."

"మరి నీళ్లు ఇంట్లకు రావా అన్నా?"

"అవ్, వస్తయి. రాకపోతే మంత్రి ఎందుకొస్తడు?"

ఇల్లు అమ్ముతున్న ఇన్నమ్మ మాత్రం చీపురు ఆనించుకుని నిలబడింది. "మంత్రులు జల్దీ పోతరు బిడ్డా. బురదే పోదు."

ఆ మాట మంత్రిగారి చెవిన పడింది. కొత్త కోడలు బురద ఎత్తడమా? ఆయన మనసు ద్రవించింది. కెమెరాలు వచ్చేదాకా ద్రవిస్తూనే ఉంది. "కరకట్ట కట్టిపిస్త! కొనుక్కో తల్లీ!"

కొనుక్కున్నారు.

ఇలాంటి మాటలు మరిచిపోయే మంత్రులుంటారు. ఈయన అలాంటివారు కాదు. ఎండాకాలం రాగానే యంత్రాలు దిగాయి. ఎగువ నుంచి ఒక గోడ, దిగువ నుంచి ఒక గోడ లేచి వీధి వైపు నడిచాయి. కళ్యాణి రోజూ బాల్కనీలోంచి వాటికి చెయ్యి ఊపేది. రెండు గోడలూ ఆమె ఇంటికి చెరోపక్కకు వచ్చి ఆగిపోయాయి.

"సారూ, మా ముందట ఎప్పుడు కడతరు?" అని ఇంజనీరు పగిడయ్యను అడిగింది.

"అయిపోయిందమ్మా. డిజైనే గట్ల."

"ఏంది? మా ఇంటి ముందు గోడే లేదు గద!"

"ఈడ గోడ లేస్తే బాల్కనీకి నది కనబడదు. వ్యూ పోవద్దని పైనుంచి చెప్పిండ్రు."

"మరి వరద?"

పగిడయ్య నిజాయితీపరుడు. "ఇంతకుముందు ఊరంతా పంచుకునేదమ్మా. ఇగ మొత్తం ఈడికెల్లే వస్తది."

తొలకరి నాడు ప్రారంభోత్సవం. రిబ్బను కట్టడానికి రెండు కొసలు కావాలి కాబట్టి ఈ గోడ కొస నుంచి ఆ గోడ కొసకు, సరిగ్గా కళ్యాణి గుమ్మానికి ఎదురుగా కట్టారు. మంత్రిగారు కత్తెర అందుకున్నారు. రిబ్బను వెనకాల గోదావరి కొత్తనీటితో అప్పుడే ఎర్రబడుతోంది.

కళ్యాణి పరుగున వచ్చి చేతులు జోడించింది.

"సార్, మీకు దండం పెడత, గా రిబ్బనొక్కటన్న అడ్డం ఉండనియ్యుండ్రి."

మంత్రిగారు నవ్వారు. మొదటిసారి ఫొటో సరిగ్గా రాలేదంటే, రిబ్బను ముడివేయించి మళ్లీ కత్తిరించారు.