వాలు ఒప్పుకోని సాఫ్ట్‌వేర్‌కు జై!

లోకంలో వాలు అనేదే లేకపోతే ఎంత సుఖమో ఎప్పుడైనా ఆలోచించారా? మా దవాఖానను డిజైన్ చేసిన సాఫ్ట్‌వేర్ ఆలోచించింది!

అందులో గోడ గీయొచ్చు, శ్లాబు గీయొచ్చు. వాలు మాత్రం ససేమిరా!

మనమైతే విసిగిపోయి కాగితం మీద గీసుకునేవాళ్లం. ఇంజనీర్ విజేందర్ అలాంటివాడు కాదు. హైదరాబాద్ ఆఫీసులో కుర్చీ కదలకుండానే ఉపాయం కనిపెట్టాడు. పలచటి శ్లాబులు పద్నాలుగు, ఒక్కోటి కాస్త వెనక్కి జరిపి, ఒకదానిపై ఒకటి పేర్చాడు. దూరం నుంచి చూస్తే వాలే! పైఅధికారి సంతకం పెట్టాడు. కట్టంగూర్ అవతల మా ఊళ్లో కాంట్రాక్టరు డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు కట్టించాడు.

వీల్‌చైర్ల ర్యాంపు సిద్ధం. పద్నాలుగు మెట్లతో!

ఎన్ని లాభాలు! డాక్టరమ్మకు రద్దీ తగ్గింది. కాలు విరిగినవాళ్లు నయమయ్యాకే దవాఖానకు వస్తున్నారు. వైద్యానికి ఇంతకన్నా విజయం ఉంటుందా?

ఒక్క జన్నత్ బీ మాత్రమే ఈ గొప్పతనాన్ని గుర్తించలేదు. ఆమె కాలిపుండుకు వారం వారం కట్టు మార్చకపోతే పాదం తీసేయాల్సి వస్తుందట. ర్యాంపు తనిఖీకి వచ్చిన విజేందర్‌ను మొదటి మెట్టు దగ్గరే వీల్‌చైర్ అడ్డంపెట్టి ఆపింది.

"గిది ర్యాంపా బిడ్డా? జర నువ్వు గీ కుర్చీల కూసొని ఎక్కు, సూస్త!"

పక్కనే ఉన్న మేస్త్రీ లింగస్వామి అందుకున్నాడు. "రెండు బస్తాల సిమెంటు ఇయ్యుండ్రి సారూ, పొద్దుమీకేలోపల సాపు జేస్త."

"డ్రాయింగుల లేదు లింగస్వామీ. నా నౌకరి పోతది!"

"నీ నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. నా కాలు పోతే?" అంది జన్నత్ బీ.

విజేందర్ తల వంచుకుని కారెక్కాడు. లింగస్వామి పైనుంచి కిందికి దారం కట్టి, మెట్లన్నీ తానే తెచ్చిన సిమెంటుతో నింపేశాడు. ఆరిన రోజే జన్నత్ బీ కుర్చీ పైకెళ్లింది.

విజేందర్ మంచివాడే. జరిగింది కంప్యూటర్‌లో ఎక్కించాలిగా! వాలు ఎక్కలేదు. అందుకని ఇలా ఎక్కించాడు: "మెట్ల మీద ఒలికిన సిమెంటు." సాఫ్ట్‌వేర్ క్షణంలో ఒప్పుకుంది!

రికార్డు చూసిన పైఅధికారికి శుభ్రత అంటే ప్రాణం. ఒలికిన సిమెంటును వెంటనే తొలగించాలని నోటీసు ఇచ్చాడు. సుత్తెలు సోమవారం వస్తాయి. జన్నత్ బీ కట్టు మంగళవారం.

సాఫ్ట్‌వేర్ మీద నాకేమీ కోపం లేదు. పాపం, అది పుట్టాక ఒక్క వాలు కూడా ఎక్కలేదు. కానీ ఆ నోటీసును దవాఖాన తలుపుకు అంటించింది విజేందరే. తలుపు దాకా ఎలా వెళ్లాడనుకున్నారు?

ఒలికిన సిమెంటు మీద, హాయిగా, ఫోన్‌లో మాట్లాడుకుంటూ!